పిల్లల్ని చిన్న విమానం ఎక్కించి సిటీ చూపించాలంటే: ఛారిటీ ఫ్లైట్ ప్లానింగ్ మొదటి ఫోన్ నుంచి ఆఖరి ల్యాండింగ్ దాకా

ఛారిటీ తరఫున పిల్లల్ని చిన్న విమానంలో కూర్చోబెట్టి సిటీ చుట్టూ ఒక రౌండ్ తిప్పి తీసుకురావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్ళు బాగా ఎక్కువయ్యారు. ఫ్లయింగ్ క్లబ్ వాళ్ళకి విమానం సంగతి తెలుసు గానీ పిల్లల సంగతి తెలీదు, పిల్లల సంస్థల్లో పనిచేసేవాళ్ళకి ఇది రివర్స్. అందుకే ఇద్దరికీ పనికొచ్చేలా ఏది ముందు చెయ్యాలో, ఏది తర్వాతో వరసగా రాస్తున్నా.

ఒక్క మాట ముందే చెప్పేస్తా. ఈ ప్రోగ్రాంలో ఏ నిమిషంలో అయినా ఎవరైనా "ఈరోజు వద్దు" అంటే గొడవ లేకుండా ఆగిపోయేలా ప్లాన్ చేస్కోవాలి. కింద రాసినవాటిలో సగం పైన దానికోసమే.

## 1. ముందు డబ్బు ఎటు నుంచి ఎటు పోతుందో తేల్చుకోండి

పర్మిషన్ల కన్నా ముందు ఇది ఎందుకంటే, ఏ రూల్ కింద ఎగరాలో నిర్ణయించేది డబ్బే. పిల్లలు ఏమీ కట్టరు, పైలట్ తన జేబులోంచే ఇంధనం పోయించుకుంటాడు అంటే చాలా చోట్ల అది మామూలు ప్రైవేట్ ఫ్లైట్. దాతలు సీటుకింత అని కట్టినా, సంస్థ పైలట్‌కి ఇంధనం ఖర్చు తిరిగిచ్చినా కథ మారిపోతుంది, అది డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకోవడం కిందకి రావచ్చు.

రూల్స్ ఎంత వివరంగా ఉంటాయో తెలియాలంటే అమెరికా వాళ్ళవి చూడండి. అక్కడ డబ్బు తీసుకునే ఛారిటీ సైట్‌సీయింగ్ ఫ్లైట్లకి విడిగా ఒక రూల్ ఉంది: పగలు మాత్రమే, కంటిచూపుతో ఎగిరే వాతావరణంలో మాత్రమే, బయల్దేరిన ఎయిర్‌పోర్ట్‌లోనే మధ్యలో ఆగకుండా దిగాలి, దానికి 25 మైళ్ళు దాటి పోకూడదు, ప్రైవేట్ లైసెన్స్ పైలట్‌కి కనీసం 500 గంటల అనుభవం ఉండాలి, ఈవెంట్ కనీసం 7 రోజుల ముందు అక్కడి ఏవియేషన్ ఆఫీసుకి తెలియజెయ్యాలి. ఒక్కో ఈవెంట్ వరసగా 3 రోజులకి మించకూడదు, ఛారిటీకైతే ఏడాదికి 4 ఈవెంట్లే.

మీ దేశంలో ఇవే ఉండాలని లేదు. అందుకే మీ ఏవియేషన్ అథారిటీకి లెటర్ రాసి, డబ్బు ఎవరు ఎవరికి ఇస్తున్నారో దాచకుండా చెప్పి, జవాబు రాతలో తెచ్చుకోండి. ఫోన్లో "ఏం పర్లేదు కానివ్వండి" అన్నమాట లెక్కలోకి రాదు.

నన్నడిగితే మొదటిసారి చేసేవాళ్ళకి సింపుల్ పద్ధతే మంచిది: టికెట్లు వద్దు, రీయింబర్స్‌మెంట్ వద్దు, పైలట్లే ఖర్చు పెట్టుకోవడం. నిధులు సేకరించాలంటే అదే రోజు ఇంకో కార్యక్రమం పెట్టుకోండి, విమానం సీటుతో ముడిపెట్టకండి.

## 2. ఇన్సూరెన్స్ కంపెనీకి రాయాల్సిన మూడు ప్రశ్నలు

విమానానికి ఇన్సూరెన్స్ ఉంది కదా అని వదిలేస్తారు. ఉంటుంది, కానీ ఈ పనికి వర్తిస్తుందా లేదా అన్నది వేరే సంగతి. మెయిల్లో ఈ మూడూ అడగండి:

- ఛారిటీ ఈవెంట్‌లో, పైలట్‌కి సంబంధం లేని మైనర్ పిల్లల్ని ఎక్కిస్తే కవర్ అవుతుందా?
- ఒక్కో ప్యాసింజర్‌కి లిమిట్ ఎంత, పిల్లలకి వేరే తక్కువ లిమిట్ ఏమైనా ఉందా?
- గ్రౌండ్ మీద, అంటే విమానం ఎక్కకముందు దిగాక, జరిగేవి ఎవరి పాలసీలోకి వస్తాయి?

మూడో ప్రశ్నకి ఎక్కువగా "మాది కాదు" అనే జవాబొస్తుంది, అప్పుడు ఈవెంట్ పెట్టే సంస్థ విడిగా పాలసీ తీసుకోవాలి.

## 3. పైలట్, విమానం ఎంచుకోవడం

ప్యాసింజర్లని ఎక్కించుకోవాలంటే ముందు 90 రోజుల్లో 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు చేసుండాలి అనేది అమెరికాలో, యూరప్‌లో రెండు చోట్లా ఉన్న రూలే. అది కనీసం మాత్రమే. పిల్లల ఈవెంట్‌కి నేనైతే అదే మోడల్ విమానం మీద, అదే ఎయిర్‌పోర్ట్ నుంచి, ఈమధ్యే ఎగిరినవాళ్ళనే తీసుకుంటా. 2000 గంటలు ఎగిరి ఆర్నెల్లుగా విమానం ముట్టనాయన కన్నా, 600 గంటలు ఎగిరి వారం వారం సిటీ ఏటీసీతో (విమానాలకి రేడియోలో దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌తో) మాట్లాడే మనిషి ఈ పనికి నయం.

ఇంకోటి, స్వభావం. పిల్లల్ని చూడగానే కొంచెం షో చెయ్యాలనిపించే పైలట్లు ఉంటారు. "ఒక చిన్న డైవ్ కొడితే పిల్లలు కేరింతలు కొడతారు" అని మీటింగ్‌లో ఎవరైనా అన్నారంటే వాళ్ళకి గ్రౌండ్ డ్యూటీ ఇవ్వండి, మొహమాటపడకండి.

విమానం విషయంలో రెక్క పైనుండే హై వింగ్ రకం మేలు, పిల్లల కిటికీకి రెక్క అడ్డం రాదు. డోర్లు తీసి తిప్పే హెలికాప్టర్ ఫ్లైట్లు మాత్రం పిల్లలకి అస్సలు వద్దు. 2018 మార్చిలో న్యూయార్క్ ఈస్ట్ రివర్‌లో అలాంటి ఒక హెలికాప్టర్ నీళ్ళలో దిగి తిరగబడిపోతే పైలట్ బయటపడ్డాడు, ఐదుగురు ప్యాసింజర్లూ పోయారు, ఎందుకంటే వాళ్ళకి తొడిగిన హార్నెస్‌లు (పడిపోకుండా ఒంటికి కట్టే బెల్టులు) సొంతంగా విప్పుకోలేకపోయారు, అసలు ఇంజిన్ ఆగడానికి కూడా ఒక హార్నెస్ తాడు ఇంధనం కట్ చేసే లివర్‌కి తగులుకోవడమే కారణం. కాబట్టి రూల్ ఏంటంటే, పిల్లకి కట్టిన బెల్ట్ ఏదైనా ఆ పిల్లే ఒక్క చేత్తో విప్పుకోగలగాలి.

ఈవెంట్‌కి వారం ముందు విమానం మెకానిక్ చేత చూపించుకునేటప్పుడు ఇవి కూడా చెక్ చేయించండి:

- వెనక సీటు బెల్టులు చిన్న పిల్లల నడుముకి సరిపోయేంత బిగుస్తున్నాయా
- డోర్ లాచ్‌లు గట్టిగా పడుతున్నాయా
- వెనక సీట్ల హెడ్‌సెట్ ప్లగ్గులు పనిచేస్తున్నాయా
- కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ ఉందా, పనిచేస్తోందా
- గాలొచ్చే వెంట్లు వెనక కూడా తెరుచుకుంటున్నాయా

## 4. రూట్ గీయడం: సిటీ నడి మీద నుంచి కాదు, పక్క నుంచి

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే చాలామంది ముందు చూడాల్సినవి లిస్ట్ రాసుకుని వాటిని గీతతో కలిపి అదే రూట్ అనుకుంటారు. చెయ్యాల్సింది రివర్స్‌లో. ఇంజిన్ ఆగితే ఎక్కడ దిగొచ్చో ముందు మ్యాప్ మీద గుర్తులు పెట్టండి, వాటిని కలుపుతూ గీత గీయండి, ఆ గీత మీద నుంచి ఏం కనిపిస్తాయో అవే మీ సైట్‌సీయింగ్.

రూల్ ప్రకారం, జనం కిక్కిరిసి ఉండే ప్రాంతం మీద ఎగిరేటప్పుడు 600 మీటర్ల చుట్టుపక్కల ఉన్న అన్నిటికన్నా ఎత్తైన కట్టడానికి పైన కనీసం 1000 అడుగులు ఉండాలన్నది అంతర్జాతీయంగా వాడే లెక్క. కానీ సింగిల్ ఇంజిన్ విమానానికి ఆ 1000 అడుగులు చాలవు. నాలుగు సీట్ల సెస్నా 172 లాంటిది ఇంజిన్ లేకుండా ప్రతి 1000 అడుగుల ఎత్తుకి సుమారు 2.7 కిలోమీటర్లు జారగలదు, అదీ గాలి ఎదురు లేనప్పుడు, పైలట్ వెంటనే సరైన స్పీడ్ పట్టుకున్నప్పుడు. ఆశ్చర్యపోవడానికి, వెనక్కి తిప్పడానికి, రేడియోలో చెప్పడానికి పోయే ఎత్తు తీసేస్తే సగమే మిగులుతుందనుకోండి. అంటే నేల మీద నుంచి 2500 అడుగుల్లో ఉంటే కాగితం మీద 6.7 కిలోమీటర్లు వచ్చినా ప్లానింగ్‌కి 3.3 కిలోమీటర్లే లెక్క.

ఇప్పుడు మ్యాప్ మీద ఖాళీ మైదానాలు, నది ఒడ్డు, పొలాలు, రన్‌వేలు అన్నిటి చుట్టూ 3.3 కిలోమీటర్ల సున్నాలు గీయండి. రూట్ ఆ సున్నాల్లోంచి బయటకి పోకూడదు, అంతే. పెద్ద సిటీల్లో నడిబొడ్డు ఆ సున్నాల బయటే పడుతుంది, బాధపడకండి, అదే మంచిది. కిటికీలోంచి చూసేవాళ్ళకి నిట్టనిలువు కింద ఉన్నది ఎలాగూ కనపడదు, చూపు ఏటవాలుగా పోతుంది, కాబట్టి సిటీ పక్క నుంచి పోతే సిటీ మొత్తం ఒక్క కిటికీలో పడుతుంది, మీద నుంచి పోతే ఇళ్ళ పైకప్పులే.

దేన్ని చూపించాలి అంటే, పెద్దవాళ్ళం స్మారకాలు అనుకుంటాం గానీ పిల్లలు కళ్ళు విప్పార్చి చూసేవి వేరు: రైలు యార్డు, స్టేడియం, నది మీద బ్రిడ్జి, ట్రాఫిక్ జామ్, వాళ్ళ స్కూలు. "మీ ఇల్లు చూపిస్తాం" అని మాత్రం మాటివ్వకండి, దానికోసం పైలట్ రూట్ వదిలి గుండ్రాలు కొట్టడం మొదలవుతుంది.

రూట్ రెడీ అయ్యాక పైలట్లు పిల్లలు లేకుండా ఒకసారి తిరిగి రావాలి. అప్పుడు చూసుకోవాల్సినవి:

- చక్రాలు నేల వదిలిన దగ్గర్నుంచి నేల తాకేదాకా 20 నిమిషాల్లో అయిపోతోందా
- రెండు వైపుల కిటికీలకీ ఏదో ఒకటి కనపడుతోందా, లేక కుడి పక్క పిల్లకి ఆకాశమేనా
- మ్యాప్ మీద ఖాళీ అనుకున్న మైదానంలో కొత్తగా కట్టడాలు, కరెంట్ తీగలు వచ్చాయా
- ఏటీసీ వాళ్ళు ఎక్కడ గుండ్రంగా తిరుగుతూ ఆగమంటున్నారు, అలా తిరిగే చోటు కూడా సున్నాల్లోనే ఉందా

## 5. ఏటీసీ, మిగతా ట్రాఫిక్

బిజీ సిటీ అంటే దగ్గర్లో పెద్ద ఎయిర్‌పోర్ట్ ఉంటుంది, దాని కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్ (ఏటీసీ అనుమతితోనే ఎగరాల్సిన ఆకాశం) సిటీ మీద పరిచి ఉంటుంది. ఆరోజు పొద్దున్నే రేడియోలో అడిగితే దొరికే క్లియరెన్స్ కాదిది. కనీసం నెల ముందే ఏటీసీ టవర్ మేనేజర్‌తో మాట్లాడి ఒక పేజీ కాగితం ఇవ్వండి: ఎన్ని విమానాలు, వాటి రిజిస్ట్రేషన్లు, రూట్ మ్యాప్, ఎత్తు, ఏ టైం నుంచి ఏ టైం దాకా, గ్రౌండ్‌లో ఎవరికి ఫోన్ చెయ్యాలి. పెద్ద విమానాల రద్దీ ఏ గంటల్లో తక్కువో వాళ్ళే చెప్తారు, మీ టైంటేబుల్ దాన్నిబట్టి వేస్కోండి.

మీ విమానాలు మీ విమానాలకే ప్రమాదం కాకుండా చూడటం ఇంకో పని. 2009 ఆగస్టు 8న న్యూయార్క్ హడ్సన్ నది మీద ఒక చిన్న విమానం, ఒక సైట్‌సీయింగ్ హెలికాప్టర్ గుద్దుకుని 9 మంది చనిపోయారు. ఆ తర్వాతే అక్కడే తిరుగుతూ చూసే ట్రాఫిక్‌కి ఒక ఎత్తు, దాటిపోయే ట్రాఫిక్‌కి ఒక ఎత్తు విడదీసి, ఒకే ఫ్రీక్వెన్సీలో ఎవరెక్కడున్నారో చెప్పుకుంటూ పోవడం తప్పనిసరి చేశారు. మన ఈవెంట్‌కి కూడా అదే పాఠం:

- అందరూ ఒకే దిశలో తిరగాలి, ఎవరూ ఎదురు రాకూడదు
- ఒక విమానానికి ఇంకో విమానానికి మధ్య కనీసం 5 నిమిషాలు
- రూట్ మీద నాలుగైదు పాయింట్లకి పేర్లు పెట్టి, ప్రతి పాయింట్ దగ్గర రేడియోలో చెప్పాలి
- ట్రాన్స్‌పాండర్ (విమానం ఎక్కడుందో రాడార్‌కి తెలిపే పరికరం) పనిచెయ్యని విమానం ఆరోజుకి పక్కన
- పక్కపక్కన ఎగరడాలు, ఫోటో కోసం దగ్గరికి రావడాలు లేవు

పొద్దున్నే నోటమ్‌లు (పైలట్లకి అధికారికంగా వచ్చే హెచ్చరికలు, ఆంక్షల నోటీసులు) చూడటం ఒక మనిషికి అప్పజెప్పండి. వీఐపీ రాక, స్టేడియంలో మ్యాచ్, క్రేన్లు, డ్రోన్ షోలు, ఇలాంటివాటికి సిటీ మీద రాత్రికి రాత్రే ఆంక్షలు వస్తాయి.

## 6. పిల్లల లిస్టు, కాగితాలు

వయసు లిమిట్ పెట్టండి. యంగ్ ఈగల్స్ అని పిల్లల్ని చిన్న విమానాల్లో తిప్పే పెద్ద ప్రోగ్రాం ఒకటి 1992 నుంచి నడుస్తోంది, వాళ్ళు 8 నుంచి 17 ఏళ్ళ పిల్లల్నే తీసుకుంటారు. 8 కింద పిల్లలకి బెల్ట్ సరిగ్గా కూర్చోదు, కిటికీ అందదు. ఎత్తు తక్కువైన పిల్లల కింద ఇంట్లోంచి తెచ్చిన మెత్తటి దిండ్లు వేస్తుంటారు, కుదుపు వస్తే దిండు నలిగి బెల్ట్ వదులైపోతుంది, పిల్ల కిందకి జారిపోతుంది. విమానంలో వాడటానికి ఆమోదం ఉన్న సీటయితేనే వాడండి.

ఒప్పుకోలు ఫారం ఈవెంట్ రోజు గేటు దగ్గర పెట్టి సంతకం పెట్టించడం తప్పు. పిల్ల అప్పటికే విమానాన్ని చూసి సంతోషంతో గంతులేస్తుంటే ఏ తల్లి "వద్దు" అనగలదు? రెండు వారాల ముందే ఇంటికి పంపండి, చదువుకుని, అడగాల్సినవి అడిగి, సంతకం పెట్టి పంపుతారు. సంస్థల్లో, హాస్టళ్ళలో పెరిగే పిల్లలైతే సంతకం పెట్టే చట్టపరమైన హక్కు ఎవరికుందో ముందు కనుక్కోండి, వార్డెన్‌కి ఆ హక్కు ఉండకపోవచ్చు.

ఫారంలో ఉండాల్సినవి:

- పిల్ల పేరు, వయసు, బరువు, ఎత్తు
- మూర్ఛ, ఆస్తమా, గుండె జబ్బు, ఈమధ్య ఆపరేషన్, చెవి సమస్యలు
- రోజూ వాడే మందులు, ఎలర్జీలు
- పెద్ద శబ్దం, ఇరుకు చోటు అంటే భయమా
- నడవడానికి, ఎక్కడానికి సాయం కావాలా
- ఫోటోకి ఒప్పుకోలు, ఇది ఫ్లైట్ ఒప్పుకోలుతో కలపకుండా విడిగా
- ఆరోజు ఫోన్ ఎత్తే పెద్దవాళ్ళ నంబర్లు రెండు

ఆరోగ్యం సంగతి ఏదైనా రాసుంటే పిల్లని లిస్ట్‌లోంచి కొట్టెయ్యకండి, వాళ్ళ డాక్టర్ మాట తెచ్చుకోండి. వీల్‌చైర్ పిల్లల్ని విమానంలోకి ఎత్తి కూర్చోబెట్టడం ఎవరు, ఎలా అన్నది ముందే ఖాళీ విమానం మీద ప్రాక్టీస్ చెయ్యాలి, దిగేటప్పుడు తొందరగా దించగలమా అన్నది కూడా అప్పుడే తేలిపోవాలి. ఆటిజం ఉన్న పిల్లలకి హెడ్‌సెట్ ముందే ఇంటికి పంపి అలవాటు చేస్తే చాలా తేడా ఉంటుంది.

పిల్లల దగ్గర పనిచేసే ప్రతి వాలంటీర్‌కి, పైలట్ తో సహా, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండాలి. ఒక పెద్ద, ఒక పిల్ల ఒంటరిగా ఎక్కడా ఉండకూడదు, విమానంలో కూడా. ఇద్దరు పిల్లలు, లేదా ఒక పిల్ల ప్లస్ ఇంకో పెద్ద మనిషి.

## 7. బరువు లెక్క

"చిన్నపిల్లలే కదా, ఎంత బరువుంటారు" అనేది వినీవినీ చెవులు అరిగిపోయాయి. ఒక లెక్క చూద్దాం. సెస్నా 172ఎస్‌కి టేకాఫ్ బరువు 1157 కిలోలు దాటకూడదు. ఖాళీ విమానం ఒక 770 అనుకుందాం, ఒక్కోదానికి తేడా ఉంటుంది కాబట్టి మీ విమానం కాగితాల్లోదే తీసుకోండి. మిగిలింది 387. ట్యాంకులు నిండా పోస్తే వాడుకోగలిగే ఇంధనం సుమారు 200 లీటర్లు, లీటరుకి 0.72 చొప్పున 144 కిలోలు. పైలట్ 85, ముందు సీట్లో సహాయకుడు 75. ఇంక వెనక సీట్లకి మిగిలింది 83 కిలోలు. పదిహేనేళ్ళ పిల్లలిద్దరు కూర్చుంటే దాటిపోయింది!

అదే సగం ట్యాంకుతో ఎగిరితే 72 కిలోలు వెసులుబాటు వస్తుంది, ఇంకో గంట ఎగరడానికి సరిపడే ఇంధనం రిజర్వ్‌గా ఉంచుకుని కూడా 20 నిమిషాల ఫ్లైట్లు రెండు మూడు హాయిగా చెయ్యొచ్చు. పగటి ఫ్లైట్‌కి చాలా చోట్ల రూల్ అడిగే రిజర్వ్ 30 నిమిషాలే, గంట అన్నది నేను చెప్పే లెక్క.

చెక్ ఇన్ దగ్గర ఒక తూకం మిషన్ పెట్టండి, బట్టలు బూట్లతో సహా తూయండి, అంకె పిల్లలకి పైకి చదవకండి, కాగితం మీద రాసి పైలట్‌కి ఇవ్వండి. బరువు ఎక్కువున్న పిల్లని మిగతావాళ్ళ ముందు "నువ్వు ఆగు" అనడం కన్నా, జంటలని ముందే బరువు చూసి కలిపేస్తే ఎవరికీ ఏమీ తెలీదు. ఎండ ముదిరేకొద్దీ గాలి పల్చబడి విమానం నెమ్మదిగా ఎక్కుతుంది, కాబట్టి బరువు ఎక్కువున్న జంటలని పొద్దున్న పెట్టండి.

## 8. వాతావరణం: గీత ముందే గీసి పెట్టుకోండి

లిమిట్లు ఈవెంట్ రోజు పొద్దున ఆలోచించేవి కావు, 60 మంది పిల్లలు కంచె అవతల నిలబడి చూస్తుంటే ఎవరి బుద్ధీ నిలకడగా ఉండదు. వారం ముందే రాసి, పైలట్లందరి చేతా సంతకం పెట్టించండి. నేను పెట్టేవి ఇవి, మీ పైలట్లు ఇంకా గట్టిగా పెట్టుకుంటానంటే సంతోషం:

- విజిబిలిటీ 10 కిలోమీటర్లకి తగ్గకూడదు (రూల్ 5 కిలోమీటర్లకి ఒప్పుకున్నా సరే, సిటీ పొగలో 5 కిలోమీటర్లంటే పిల్లలకి ఏమీ కనపడదు, పైలట్‌కి వేరే విమానం కనపడదు)
- మేఘాల అడుగు మన ఎత్తుకి పైన కనీసం 1000 అడుగులు
- గాలి వేగం 15 నాట్ల (గంటకి సుమారు 28 కిలోమీటర్ల) లోపు, రన్‌వేకి అడ్డంగా వీచే గాలి 8 నాట్ల లోపు
- 30 కిలోమీటర్ల లోపల ఉరుముల మేఘం ఉంటే స్టాప్

టైం విషయానికొస్తే సూర్యోదయం తర్వాత గంట నుంచి మొదలుపెట్టి పదిన్నర పదకొండుకి ముగించెయ్యడం మంచిది. ఎండెక్కాక కాంక్రీట్ మీద నుంచి వేడిగాలి లేచి చిన్న విమానాన్ని కుదిపేస్తుంది, పిల్లలకి వాంతులు అప్పుడే మొదలవుతాయి.

రెండో తేదీ మొదటి తేదీతో పాటే ప్రకటించండి, ఆహ్వానం కాగితం మీదే. "వాతావరణం బాగోకపోతే ఫలానా రోజు" అని అందరికీ ముందే తెలిస్తే పైలట్ మీద ఒత్తిడి సగం పోతుంది. అలాగే కాన్సిల్ చేసే అధికారం పైలట్లలో ఎవరికైనా ఉండాలి, "ఎందుకు" అని అడిగే అధికారం ఎవరికీ ఉండకూడదు. స్పాన్సర్ ఎంత పెద్దవాడైనా, టీవీ వాళ్ళొచ్చినా!

## 9. గ్రౌండ్ ఏర్పాట్లు

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ప్రొపెల్లర్. తిరిగే ప్రొపెల్లర్ కంటికి కనపడదు, పిల్లలు పరిగెత్తుతారు. అందుకే ఇంజిన్ పూర్తిగా ఆగి, ప్రొపెల్లర్ నిలిచి, తాళంచెవి పైలట్ తీసి బయటికి కనిపించేలా డ్యాష్‌బోర్డ్ మీద పెట్టాకే పిల్లలు కంచె దాటాలి. టైం కలిసొస్తుందని ఇంజిన్ ఆపకుండా దించి ఎక్కించడం, ఒక్కసారి కూడా వద్దు. ఆగి ఉన్న ప్రొపెల్లర్‌ని కూడా ముట్టనివ్వకండి, ఫోటో కోసం దానికి ఆనుకుని నిలబెట్టకండి.

ఎవరి పని ఏంటో:

- చెక్ ఇన్ ఇద్దరు: ఫారం, బరువు, చేతికి రంగు బ్యాండ్
- వెయిటింగ్ దగ్గర ముగ్గురు నలుగురు: పిల్లల్ని ఆడిస్తూ ఉండటం, ఇది తక్కువ పనేం కాదు
- ఎస్కార్ట్: ప్రతి ఇద్దరు పిల్లలకి ఇద్దరు, చెయ్యి పట్టుకుని విమానం దాకా, వెనక వైపు నుంచి డోర్ దగ్గరికి
- ర్యాంప్ (విమానాలు ఆపి ఎక్కించే దించే చోటు) బాస్ ఒక్కరు: ఆయన చెయ్యి ఎత్తితే అంతా ఆగాలి
- లాగ్ రాసే మనిషి: ఏ విమానంలో ఎవరు, ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి రావాలి

లాగ్ మనిషికి ఒక రూల్ రాసివ్వండి: రావాల్సిన టైంకి 10 నిమిషాలు దాటితే పైలట్‌ని రేడియోలో పిలవడం, పలక్కపోతే వెంటనే టవర్‌కి ఫోన్. "ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం" లేదు. ఫస్ట్ ఎయిడ్ మనిషి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, నీడ, నీళ్ళు, టాయిలెట్ ఇవి ఎలాగూ ఉండాలి.

## 10. ఎక్కించే ముందు, ఎక్కించాక

బ్రీఫింగ్ గ్రూప్‌కి ఒకసారి, విమానం దగ్గర ఒకసారి, రెండు సార్లు చెప్పండి. పిల్లల భాషలో, చేసి చూపిస్తూ. బెల్ట్ పెట్టడం విప్పడం ప్రతి పిల్లా మూడుసార్లు సొంతంగా చెయ్యాలి, చేశాకే డోర్ వెయ్యాలి. డోర్ ఎలా తెరుచుకుంటుందో ఇద్దరిలో పెద్ద పిల్లకి చూపించాలి.

చెప్పాల్సిన ఇంకో ముఖ్యమైనది, పైలట్ అరచెయ్యి ఎత్తితే అందరూ సైలెంట్ అయిపోవాలని. టేకాఫ్, ల్యాండింగ్, రేడియో మాట్లాడేటప్పుడు ఇది కావాలి, దీన్ని ఒక ఆటలా నేల మీదే రెండు మూడు సార్లు ఆడిస్తే గాల్లో బాగా పనిచేస్తుంది.

ముందు సీట్లో ఎవరు కూర్చోవాలి అని ప్రతిసారీ వాదన నడుస్తుంది. ముందు సీటు మజా వేరే, నిజమే. కానీ అక్కడ కంట్రోల్ ఉంటుంది, పెడల్స్ ఉంటాయి, భయపడ్డ పిల్ల మొదట పట్టుకునేది ఎదురుగా ఉన్నదాన్నే. అందుకే సిటీ పక్క రూట్‌లో ముందు సీట్లో పెద్ద మనిషి ఉండాలి, కుదిరితే ఇంకో పైలట్, ఆయన ట్రాఫిక్ చూస్తాడు, పిల్లలతో మాట్లాడతాడు, పైలట్ విమానం నడుపుతాడు. పిల్లలిద్దరూ వెనక, ఒక్కొక్కరికి ఒక్కో కిటికీ.

డోర్ వేసే ముందు ఆఖరి చూపు:

- బెల్ట్ నడుము మీద కిందకి, బిగుతుగా, మడత లేకుండా
- హెడ్‌సెట్ చెవులు పూర్తిగా మూసిందా, పిల్ల మాట వినపడుతోందా
- చేతిలో వస్తువులు, మెళ్ళో వేలాడేవి, టోపీలు బయటే
- వాంతి సంచి విప్పి చేతికి అందేలా
- జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉందా (ఉంటే ఈ పిల్ల రెండో తేదీకి)

జలుబు ఎందుకంటే, పిల్లల చెవి లోపలి గొట్టం సన్నగా ఉంటుంది, దిగేటప్పుడు గాలి ఒత్తిడి సర్దుకోక చెవి విపరీతంగా నొప్పి పుడుతుంది.

## 11. గాల్లో 20 నిమిషాలు

మలుపులు మెల్లగా, 20 డిగ్రీల వంపు దాటకుండా. దిగేటప్పుడు నిమిషానికి 500 అడుగుల కన్నా వేగంగా దిగొద్దు, 300 అయితే ఇంకా మంచిది, "ఇప్పుడు మింగండి, ఆవులించండి" అని సహాయకుడు చెప్తూ ఉండాలి. తిప్పేముందు "ఇప్పుడు ఎడం వైపు వంగుతాం" అని ముందే చెప్తే సగం భయం ఉండదు.

పిల్ల ఒక్కసారిగా మాటలు ఆపేసి, మొహం పాలిపోయి, చెమట పట్టిందంటే వాంతి రాబోతోందని. వెంట్ తిప్పి మొహానికి గాలి తగిలేలా చెయ్యండి, దూరంగా ఆకాశం నేల కలిసే గీత చూడమనండి, ఎయిర్‌పోర్ట్ వైపు తిరిగిపోండి. ఏడుస్తున్నా అంతే. మిగతా రూట్ పూర్తి చెయ్యాలన్న పట్టుదల వద్దు, ఇంకో పిల్లకి రెండో తేదీ ఇవ్వొచ్చు.

చిన్న విమానాల్లో డోర్ సరిగ్గా పడకపోతే గాల్లో కొంచెం తెరుచుకుని పెద్ద శబ్దం వస్తుంది. విమానం మామూలుగానే ఎగురుతుంది, ఎవరూ దాన్ని వెయ్యడానికి పోకూడదు, వచ్చి దిగి వేసుకోవాలి.

పైలట్‌కి వరసగా 3 ఫ్లైట్లు, తర్వాత అరగంట బ్రేక్, దిగి నడిచి నీళ్ళు తాగాలి.

## 12. ఎక్కువగా జరిగే తప్పులు, సరిదిద్దుకోవడం

లెక్కకి మించి పిల్లల్ని పిలవడం. ఒక విమానం గంటకి రెండు ఫ్లైట్ల కన్నా ఎక్కువ చెయ్యలేదు, ఎక్కించడం దించడం బరువు లెక్క అన్నీ కలిపి. మూడు విమానాలు, మూడు గంటలు, ఫ్లైట్‌కి ఇద్దరు అంటే కాగితం మీద 36 మంది, బ్రేకులు తీసేస్తే 30. అంతకంటే ఒక్కరిని ఎక్కువ పిలిచినా ఆఖర్లో పైలట్లు తొందరపడటం మొదలవుతుంది.

అందర్నీ ఒకే టైంకి రమ్మనడం. మూడు గంటలు ఎండలో కూర్చున్న పిల్ల విమానం ఎక్కేసరికే నీరసపడిపోతుంది. అరగంటకో బ్యాచ్ చొప్పున పిలవండి. ఖాళీ కడుపుతో వద్దు, నిండా తినీ వద్దు, గంట ముందు తేలిగ్గా ఏదైనా.

భయపడ్డ పిల్లని బతిమాలడం. "ఏం కాదు, మగాడివి కదా" లాంటివి వద్దు. ఆగి ఉన్న విమానంలో కూర్చోబెట్టి, హెడ్‌సెట్ పెట్టి, టవర్ మాటలు వినిపించి, వద్దంటే అంతటితో ఆపెయ్యండి. సర్టిఫికెట్ ఆ పిల్లకీ ఇవ్వండి.

రూట్ మధ్యలో మార్చడం. స్పాన్సర్ ఆఫీసు మీదుగా ఒకసారి పొమ్మని ఆరోజు అడుగుతారు. జవాబు ఒకటే, ఏటీసీకి ఇచ్చిన కాగితంలో లేదు.

వెయిటింగ్‌లో ఏమీ లేకపోవడం. పిల్లలు రోజులో ఎక్కువసేపు గడిపేది అక్కడే. పెద్ద మ్యాప్ ఒకటి పరిచి రూట్ చూపించండి, కాగితం విమానాలు చేయించండి, ఒక మెకానిక్ వచ్చి ఇంజిన్ విప్పి చూపిస్తే ఇంకేం కావాలి.

## 13. అదే రోజు సాయంత్రం

విమానాలు కట్టేశాక అందరూ వెళ్ళిపోకముందే అరగంట కూర్చోండి. పైలట్లు, ర్యాంప్ బాస్, లాగ్ మనిషి, పిల్లల సంస్థ వాళ్ళు, ఒక్కొక్కరు "కొంచెంలో తప్పింది" అనిపించినవి చెప్పాలి, ఎవరి మీదా తప్పు పెట్టకుండా రాసుకోవాలి. ఒక పిల్ల కంచె దాటబోయిందా, రేడియోలో ఒక పాయింట్ చెప్పడం మర్చిపోయారా, రెండు విమానాల మధ్య 5 నిమిషాలు 3 అయ్యాయా. రాత్రి దాటితే ఇవి ఎవరికీ గుర్తుండవు.

ఆరోగ్యం వివరాలున్న ఫారంలు ఎవరి బ్యాగులోనో ఉండిపోకూడదు, సంస్థకి అప్పగించి సంతకం తీస్కోండి. ఫోటోలు పెట్టేముందు ఒప్పుకోలు లేని పిల్లలు ఏ ఫ్రేములోనూ లేరని ఇద్దరు చూడాలి. జలుబుతోనో, వాతావరణంతోనో ఆగిపోయిన పిల్లల పేర్లు విడిగా ఒక కాగితం మీద రాసి, రెండో తేదీ లిస్ట్‌లో అందరికన్నా పైన పెట్టి, వాళ్ళ ఇళ్ళకి ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పండి.